ప్లస్ వన్‌లో సైకాలజీ తీసుకునే పిల్లల నుంచి ఏం ఆశిస్తారు?

శ్రీకాకుళం నాన్న · జూన్ 14, ఉదయం 7:20

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఈ ఏడు పది పాసైంది. సీబీఎస్ఈ బడి. 11లో హ్యుమానిటీస్ తీసుకుని సైకాలజీ చదువుతానని పట్టుబట్టింది. మా చుట్టాల్లో ఎవరిని చూసినా ఎంపీసీ, కాదంటే బైపీసీ. ఈ సబ్జెక్టు చదివినవాళ్ళు మాకు ఒక్కరూ తెలియదు. ఒకాయన "కథల పుస్తకంలా ఉంటుంది, మార్కులు వాటంతట అవే పడతాయి" అన్నారు. ఇంకొకరు "పిచ్చివాళ్ళ చదువు ఆడపిల్లకెందుకు" అన్నారు. ఆ మాట విని మా అమ్మాయి ఏడ్చింది.

వద్దనాలని నాకు లేదు. బడిలో పిల్లల నుంచి ఏం కోరతారు, రోజుకి ఎంత చదవాలి, పరీక్షలో ఏం రాయాలి అన్నవి ముందే తెలిస్తే ఇంట్లో తనకి తోడుగా నిలబడగలను. తెలిసినవాళ్ళు చెప్పగలరు.

బొబ్బిలి అమ్మ · జూన్ 14, ఉదయం 8:05

మా బాబుది కూడా ఇదే గ్రూపు, ఇప్పుడు 12లోకి వచ్చాడు. "ఈజీ" అన్న మాట మాత్రం నమ్మకండి అన్నయ్య గారూ. మొదటి యూనిట్ టెస్టులో మావాడికి 35కి 14 వచ్చాయి. పుస్తకం రెండుసార్లు చదివి వెళ్ళాడు. మిగతాది టీచర్లు ఎవరైనా చెప్తే బాగుంటుంది.

గంటస్తంభం టీచర్ · జూన్ 14, రాత్రి 9:40

నమస్తే అండీ. విజయనగరంలో 11, 12 తరగతులకు సైకాలజీ చెప్తున్నాను. ఏటా మొదటి రోజు క్లాసులో పిల్లలకి చెప్పే మాటలే ఇక్కడ రాస్తాను. కాస్త పొడవుగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ఎదుటివాళ్ళ ముఖం చూసి మనసులో ఏముందో చెప్పేసే విద్య నేర్పుతామని చాలామంది పిల్లలు ఆశపడి వస్తారు. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల పెట్టిన దగ్గర్నుంచి ఈ శాస్త్రం నడిచింది పరిశీలన మీద, కొలత మీద. కాబట్టి నేను మొట్టమొదట కోరేది "నీకెలా తెలుసు?" అని అడిగే అలవాటు. క్లాసులో ఇలా మొదలుపెడతాను. మే నెలలో మన ఊళ్ళో తాటిముంజలు బాగా అమ్ముడైన వారంలోనే వడదెబ్బ కేసులూ ఎక్కువ అనుకోండి. ముంజలు తినడం వల్ల వడదెబ్బ తగిలిందా? పిల్లలందరూ ఒక్కసారిగా "ఎండ మేడం!" అంటారు. రెండు విషయాలు కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని వాళ్ళకి అక్కడే అర్థమవుతుంది. కానీ అదే పిల్లలు వారం తర్వాత "ఫోన్ ఎక్కువ చూసేవాళ్ళకి డిప్రెషన్ వస్తుంది, రెండింటికీ సంబంధం ఉంది కాబట్టి" అని రాస్తారు. ముంజల దగ్గర తెలిసింది ఫోన్ దగ్గర మర్చిపోతారు. ఏడాదంతా నేను పడే పాటు ఇదే.

మార్కుల సంగతి. థియరీకి 70, ప్రాక్టికల్‌కి 30. థియరీ పరీక్ష మూడు గంటలు. ఈమధ్య ప్రశ్నల్లో ఒక చిన్న సంఘటన ఇచ్చి, అందులో ఏ భావన పనిచేస్తోందో గుర్తించి రాయమనడం ఎక్కువైంది. అందుకే రెండుసార్లు చదివి వెళ్ళిన పిల్లలు దెబ్బతింటున్నారు. బొబ్బిలి అమ్మ గారూ, మీ బాబుకి జరిగింది అదే అయ్యుంటుంది.

ఇందులో అసలు చిక్కు మాటల దగ్గర వస్తుంది. మనం రోజూ వాడే మాటలే పుస్తకంలో ఉంటాయి, అర్థాలు మాత్రం వేరు. మన వైపు "ఆయన మంచి పర్సనాలిటీ" అంటే ఎత్తుగా, దిట్టంగా ఉంటాడని. పుస్తకంలో పర్సనాలిటీ అంటే వేర్వేరు సందర్భాల్లో కూడా నిలకడగా కనిపించే ఆ మనిషి ఆలోచనా తీరు, స్పందన, నడవడి. "ఆ కుర్రాడికి ఆటిట్యూడ్ ఎక్కువ" అంటే మన పిల్లల భాషలో పొగరు. పుస్తకంలో ఆటిట్యూడ్‌కి మూడు భాగాలు: ఒక విషయం గురించి మన ఆలోచన, దాని మీద మన భావం, దాని పట్ల మన ప్రవర్తన. ఈ రెండు మాటలకీ ఇంట్లో అర్థం రాసి సున్నా తెచ్చుకున్న జవాబులు నా బీరువాలో ఒక కట్ట ఉన్నాయి.

నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్, అంటే ఇబ్బంది తొలగడం వల్ల ఒక పని మళ్ళీ చేయడం, ఇంకా కష్టం. నెగెటివ్ అనగానే శిక్ష అనుకుంటారు. "హోంవర్క్ చేయనందుకు టీచర్ నిలబెట్టారు, ఇది నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్" అని రాస్తే మార్కు రాదు, అది శిక్ష. "రాత్రి దోమలు కుడుతున్నాయి. దోమతెర కట్టగానే ఆ బాధ పోయింది. అందుకని మర్నాడు రాత్రి మళ్ళీ కట్టుకున్నాడు. ఇబ్బంది తొలగడం వల్ల ఆ పని మళ్ళీ చేసే అవకాశం పెరిగింది" అని రాస్తే పూర్తి మార్కు. పేరు, ఉదాహరణ, ఆ ఉదాహరణ ఆ పేరుకి ఎలా సరిపోతుందో చెప్పే వాక్యం, మూడూ ఉండాలి. మూడో వాక్యమే పిల్లలు వదిలేస్తారు.

ఇక అన్నిటికంటే నేను గట్టిగా పట్టుబట్టే విషయం. ఈ సబ్జెక్టు చదివే పిల్లలు ఇంట్లోవాళ్ళకి, స్నేహితులకి జబ్బుల పేర్లు పెట్టకూడదు. ప్రాక్టికల్‌లో ఎవరికైనా పరీక్ష చేస్తే ముందు వాళ్ళ ఒప్పుదల తీసుకోవాలి, మధ్యలో మానేస్తానంటే మానేయనివ్వాలి, స్కోరు బయటకి చెప్పకూడదు. తక్కువ స్కోరు వచ్చిన కుర్రాడి పేరు క్యాంటీన్‌లో వినపడితే ఆ ప్రాక్టికల్ నేను దిద్దను. ఈ విషయంలో మొహమాటపడను. పక్కవాడి మనసు మన చేతికి వచ్చినప్పుడు దాన్ని ఎలా పట్టుకోవాలో పదహారేళ్ళకే నేర్చుకోవాలి.

అరసవల్లి రోడ్డు · జూన్ 15, ఉదయం 6:50

మేడం, నేను ఇంటర్‌కి లెక్కలు చెప్తాను. మీరు రాసింది చదివి గౌరవం కలిగింది. కానీ ఒక తండ్రిగా అడుగుతున్నాను. రెండేళ్ళు ఇంత కష్టపడ్డాక పిల్ల ఎక్కడికి వెళ్తుంది? మన జిల్లాల్లో దీనికి దారి ఉందా? నచ్చిన చదువు అని తీసుకుని, మూడేళ్ళ తర్వాత ఏం చేయాలో తెలియక కూర్చున్న పిల్లల్ని చూశాను. వాళ్ళ టెన్షన్ చూడలేం.

నాగావళి గట్టు · జూన్ 15, మధ్యాహ్నం 1:15

మాస్టారూ, నేను విశాఖలో సైకాలజీ పీజీ చేస్తున్నాను, మాది శ్రీకాకుళమే. నాకు తెలిసింది చెప్తాను.

ఒకటి ముందే తేల్చుకోవాలి. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి, ఆ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. పాపకి ఆ కోరిక ఉంటే ఇప్పుడే బయాలజీ తీసుకోవాలి, నీట్ రాయాలి. హ్యుమానిటీస్ తీసుకున్నాక "డాక్టర్ అవుదామనుకున్నా" అంటే వెనక్కి రావడం కష్టం. ఇది తెలియక చేరినవాళ్ళు మా బ్యాచ్‌లోనే ఉన్నారు. సైకాలజిస్ట్ మందులు రాయరు. క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచేయాలంటే ఉత్త ఎంఏ సరిపోదు, గుర్తింపు ఉన్న శిక్షణ, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. అంటే ఇంటర్ తర్వాత చాలా ఏళ్ళ ప్రయాణం. బడి కౌన్సిలింగ్, కంపెనీల్లో మానవ వనరులు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పని, పరిశోధన, ఇవి వేరే దారులు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో చేరడానికి రాసే ప్రవేశ పరీక్ష సీయూఈటీలో సైకాలజీ ఒక సబ్జెక్టుగా రాయొచ్చు. దగ్గర్లో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. అక్కడి శాఖని కోనేరు రామకృష్ణారావు గారు 1967లో సైకాలజీ, పారాసైకాలజీ రెండూ కలిపి మొదలుపెట్టారు. అతీంద్రియ శక్తుల మాట వినగానే మన పెద్దవాళ్ళకి ఆసక్తి ఎక్కువ, నన్ను పెళ్ళిళ్ళలో అదే అడుగుతారు. నేను చదివేదాంట్లో గణాంకాలే ఎక్కువని చెప్తాను.

లెక్కల మాస్టారు కాబట్టి మీకు నచ్చే మాట ఒకటి. లెక్కలంటే భయపడి ఈ సబ్జెక్టుకి రాకూడదు. సగటు, మధ్యగతం, ప్రామాణిక విచలనం, సహసంబంధం, ఇవి ముందుకెళ్ళేకొద్దీ వెంటపడతాయి.

టీచర్ గారు చెప్పిన ఆఖరి విషయం మీద నా సొంత సంగతి చెప్పాలి. 12లో డిజార్డర్స్ పాఠం అయిన వారం, మా అమ్మ పూజ గిన్నెలు మళ్ళీ మళ్ళీ కడుగుతుంటే "నీకు ఓసీడీ ఉందమ్మా" అన్నాను, అంటే ఒకే ఆలోచన వదలక చేసిందే మళ్ళీ మళ్ళీ చేసే మానసిక రుగ్మత. చుట్టాల ముందు అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. ఆ తర్వాత చాలా రోజులు నేను వంటింట్లోకి వస్తే కొళాయి కట్టేసి పక్కకి వెళ్ళిపోయేది. మడిగా కడుక్కోవడం వేరు, ఆ ఆలోచన వదలక, రోజువారీ జీవితం సాగక బాధపడటం వేరు అని పుస్తకంలోనే ఉంది. ఆ పేజీ నేను సరిగ్గా చదవలేదు. క్షమాపణ చెప్పాను, అమ్మ నవ్వేసింది, కానీ నాకు ఇప్పటికీ ఆ కొళాయి చప్పుడు ఆగడం గుర్తొస్తుంది.

ఎడిసన్ తెలుగు అమ్మ · జూన్ 16, ఉదయం 5:30

మాది ఆమదాలవలస, పదిహేనేళ్ళుగా న్యూజెర్సీలో ఉంటున్నాం. ఇక్కడ హైస్కూల్ పిల్లలు కాలేజీ స్థాయి కోర్సులు తీసుకోవచ్చు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అంటారు. మా పాప మొన్న మేలో సైకాలజీ పరీక్ష రాసింది. పోల్చి చూసుకోవడానికి పనికొస్తుందని రాస్తున్నాను.

2024లో మొదలైన విద్యా సంవత్సరం నుంచి సిలబస్ మార్చి ఐదు యూనిట్లు చేశారు: ప్రవర్తనకి శరీరంలో ఉన్న మూలాలు, ఆలోచన-జ్ఞాపకం, ఎదుగుదల-నేర్చుకోవడం, సామాజిక మనస్తత్వం-వ్యక్తిత్వం, మానసిక శారీరక ఆరోగ్యం. మా పాప కూడా కథల్లా ఉంటుందనే చేరింది. మొదటి నెలంతా న్యూరాన్లు, మెదడు భాగాలు, నిద్ర దశలు. "ఇది బయాలజీ కదమ్మా" అని బెంగపడింది.

పరీక్ష కంప్యూటర్ మీదే. 90 నిమిషాల్లో 75 బహుళైచ్ఛిక ప్రశ్నలు, తర్వాత 70 నిమిషాల్లో రెండు రాత ప్రశ్నలు. మొదటిదాంట్లో ఒక పరిశోధన సారాంశం ఇస్తారు. అది ఏ పద్ధతిలో చేశారు, ఒక అంశాన్ని ఎలా కొలిచారు, ఇచ్చిన అంకె అర్థం ఏమిటి, పాల్గొన్నవాళ్ళ పట్ల ఏ నీతి నియమం పాటించారు, ఆ ఫలితం ఎవరికి వర్తిస్తుంది, ఇవన్నీ రాయాలి. రెండోదాంట్లో మూడు పరిశోధనలు ఇచ్చి, ఒక వాదన నిలబెట్టి, వాటిలోంచి ఆధారాలు చూపమంటారు. స్కోరు 1 నుంచి 5 దాకా.

టీచర్ గారు "నీకెలా తెలుసు" అన్నారు చూడండి, ఇక్కడ పరీక్ష మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. మా పాప డిసెంబరు దాకా ఫ్లాష్ కార్డులు బట్టీ పట్టింది, రాత ప్రశ్నల్లో తేలిపోయింది. జనవరి నుంచి వారానికి ఒక పరిశోధన సారాంశం చదివి, ఇంట్లో మాకు తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. తెలుగులో చెప్పాలంటే అర్థం కాకుండా చెప్పలేదు కదా. మా అత్తయ్య గారు "అయితే వాళ్ళకి ముందే చెప్పారా, చెప్పకుండా చేశారా?" అని అడిగేవారు. నీతి నియమాల పాఠం ఆవిడ వల్లే బాగా వచ్చిందని పాప అంటుంది.

గంటస్తంభం టీచర్ · జూన్ 16, రాత్రి 9:05

ఎడిసన్ అమ్మ గారూ, మీ అత్తయ్య గారికి నా నమస్కారాలు చెప్పండి. స్టాన్లీ మిల్‌గ్రామ్ ప్రయోగం చెప్పేటప్పుడు ఆ ప్రశ్నే రావాలని నేను ఎదురుచూస్తాను. 1963లో ఆయన అచ్చు వేసిన ఆ అధ్యయనంలో, ఎదుటి మనిషికి షాక్ ఇస్తున్నామని నమ్మిన 40 మందిలో 26 మంది ప్రయోగం నడిపే పెద్దాయన చెప్పాడని 450 వోల్టుల దాకా వెళ్ళారు. నిజంగా షాక్ లేదు. కానీ వాళ్ళు వణికారు, చెమటలు పట్టారు. ఆ అంకె చెప్పి ఊరుకునే పిల్లాడి కంటే, "వాళ్ళని అంత క్షోభ పెట్టొచ్చా మేడం?" అని అడిగిన పిల్లాడు సబ్జెక్టులోకి వచ్చినట్టు నాకు.

అలాగే పుస్తకంలో ఉన్నదాన్ని కూడా ప్రశ్నించాలి. 1964లో న్యూయార్క్‌లో కిట్టీ జెనోవీస్ హత్య జరిగినప్పుడు 38 మంది చూస్తూ ఊరుకున్నారన్న కథ ఎన్నో పుస్తకాల్లోకి ఎక్కింది. ఆ పత్రికా కథనంలో చాలా తప్పులున్నాయని తర్వాత తేలింది. అయినా దాని తర్వాత డార్లీ, లటానే 1968లో చేసిన ప్రయోగాలు వేరుగా నిలబడతాయి: చుట్టూ జనం ఉన్నారనుకున్నప్పుడు సాయానికి కదలడం తగ్గింది. కథ వేరు, ఆధారం వేరు. జంక్షన్‌లో బండి పడిపోతే అందరూ ఫోన్ తీయడం మన పిల్లలూ చూస్తున్నారు, వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు.

శ్రీకాకుళం నాన్న · జూన్ 17, ఉదయం 7:00

చాలా సంతోషంగా ఉంది. నిన్న రాత్రి మా అమ్మాయి, నేను కలిసి ఇదంతా చదివాం. డాక్టర్ అవ్వాలని లేదంది, ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పనిచేయాలని ఉందట. ఆ మాట ఇంతవరకు నాతో అనలేదు. చేర్పిస్తున్నాను. ఒక్కటే సందేహం, ఇంట్లో ఎలా చదవాలి? పదిలో తను పుస్తకం నిండా పసుపు గీతలు గీసి, అదే మళ్ళీ మళ్ళీ చదివేది.

గంటస్తంభం టీచర్ · జూన్ 17, సాయంత్రం 6:30

ఆ సమాధానం సబ్జెక్టులోనే ఉంది. 2006లో రోడిగర్, కార్పికీ చేసిన అధ్యయనంలో కొందరు పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివారు, కొందరు ఒకసారి చదివి, చూడకుండా గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత చూస్తే రాసినవాళ్ళు ముందున్నారు. మన పరీక్ష ఐదు నిమిషాల తర్వాత ఉండదు కదండీ.

రోజుకి నలభై నిమిషాలు చాలు, కానీ రోజూ ఉండాలి. పుస్తకం మూసేసి తెల్ల కాగితం మీద గుర్తున్నది రాయమనండి. తర్వాత పుస్తకం తెరిచి వదిలేసింది ఎర్ర సిరాతో రాసుకోవాలి. ఆ కాగితాన్నే మూడు రోజుల తర్వాత, పది రోజుల తర్వాత మళ్ళీ. ప్రతి కొత్త పదానికీ మన ఇంట్లోంచో వీధిలోంచో ఒక ఉదాహరణ తనే కనిపెట్టాలి. గైడులో ఉదాహరణ రాస్తే నాకు వెంటనే తెలిసిపోతుంది, క్లాసంతా పావ్‌లోవ్ ప్రయోగంలోని అదే కుక్క, అదే గంట.

ప్లస్ టూ ఉద్దానం · జులై 20, రాత్రి 10:10

నమస్తే మేడం. నేను వేరే బడి, 12వ తరగతి. ఈ చర్చ వెతుక్కుంటూ వచ్చాను. మాకు ప్రాక్టికల్‌లో కేస్ ప్రొఫైల్, అంటే ఒక మనిషి గురించి వివరంగా తెలుసుకుని రాయడం, చేయమన్నారు. మా తాత గురించి చేద్దామనుకున్నాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫానుకి మా కొబ్బరి తోట పోయింది. ఇప్పటికీ గాలి గట్టిగా వీస్తే తాత పడుకోడు, వీధి అరుగు మీద కూర్చుంటాడు. నిన్న నోట్‌బుక్ పట్టుకుని "ఆ రోజు ఏమైంది తాతా, నీకు ఏమనిపించింది" అని అడిగాను. కొంచెం చెప్పాడు. చెప్తూ చెప్తూ ఆగిపోయాడు. భోజనం చేయకుండా పడుకున్నాడు. నాకు చాలా భయమేసింది. నేను తప్పు చేశానా? ఫైల్‌లో పీటీఎస్‌డీ (ఘోరమైన సంఘటన తర్వాత వదలకుండా వేధించే మానసిక రుగ్మత) అని రాయొచ్చా? లక్షణాలు కలుస్తున్నాయి.

గంటస్తంభం టీచర్ · జులై 20, రాత్రి 10:45

నాన్నా, ముందు తాతయ్య దగ్గర కూర్చో. నోట్‌బుక్ లోపల పెట్టేయ్. తుఫాను ఊసెత్తకు. తను మాట్లాడితే విను, లేదంటే ఊరికే పక్కన ఉండు. తోడుగా కూర్చుంటే చాలు, ఈ రాత్రికి అదే పెద్ద పని.

నీ ఉద్దేశం మంచిదే. కానీ అంత నష్టాన్ని తవ్వి అడగడం శిక్షణ ఉన్నవాళ్ళు చేయాల్సిన పని. నీది విద్యార్థి పాత్ర. ఇది మీ టీచర్ ముందే చెప్పి ఉండాల్సింది, తప్పంతా నీ నెత్తిన వేసుకోకు. రేపే మీ టీచర్‌కి జరిగింది చెప్పు. పీటీఎస్‌డీ అని రాయకు. పుస్తకంలో లక్షణాల పట్టిక చూసి కలిశాయనుకోవడానికి, అర్హత ఉన్నవాళ్ళు మనిషిని చూసి, మాట్లాడి, నిర్ధారించడానికి చాలా దూరం ఉంది. నువ్వు చూసింది, ఆయన తనంతట తాను చెప్పింది మాత్రమే రాయాలి, అది కూడా ఆయన ఒప్పుకుంటేనే. పేరు మార్చు, ఊరి పేరు తీసెయ్.

నిద్రలేమి ఇలాగే ఉంటే మీ నాన్న గారితో చెప్పి డాక్టర్‌కి చూపించండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే సహాయ ఫోన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు. నీకు బెంగగా ఉన్నా చేయొచ్చు.

నాగావళి గట్టు · జులై 20, రాత్రి 11:20

తమ్ముడూ, ఆగిపోయిన చోట నువ్వు ఆపావు, అది మంచి పని చేశావు. చాలామంది "తర్వాత?" అని అడిగేస్తారు. తుఫాను గురించే ప్రొఫైల్ చేయాలని లేదు. తాతకి బాగా వచ్చిన పని గురించి చెయ్. చెట్టు ఎక్కడం, మొక్క పెంచడం, ఏదైనా. నైపుణ్యం మీద కూడా మంచి కేస్ ప్రొఫైల్ వస్తుంది.

బొబ్బిలి అమ్మ · జులై 21, ఉదయం 6:15

బాబూ, తాత ఎలా ఉన్నారు?

ప్లస్ టూ ఉద్దానం · ఆగస్టు 9, రాత్రి 8:30

అందరికీ నమస్తే. తాత బాగున్నాడు. నాన్న పలాస తీసుకెళ్ళి డాక్టర్‌కి చూపించాడు, మళ్ళీ నెలకి రమ్మన్నారు. మా సార్‌కి చెప్తే ప్రశ్నలు మార్చి ఇచ్చారు, అడిగే ముందు సంతకం కాగితం కూడా పెట్టించారు. అక్క చెప్పినట్టు టాపిక్ మార్చాను. తుఫాను తర్వాత మళ్ళీ వేసిన మొక్కల్ని తాత ఎలా చూసుకుంటాడో అని రాశాను. పొద్దున్నే ఏం చేస్తాడు, ఎవరితో మాట్లాడతాడు, ఏ మొక్కకి ఏం కావాలో ఎలా గుర్తుపెట్టుకుంటాడు. పాఠాల్లోంచి మెమరీ, మోటివేషన్, సోషల్ సపోర్ట్ కలిపాను. గాలి వీచినప్పుడు అరుగు మీద కూర్చుంటాడని ఒక్క వాక్యం ఉంది, అది ఉంచమని తాతే అన్నాడు.

ఫైల్ ఇచ్చే ముందు తాతకి మొత్తం తెలుగులో చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు. 60 మొక్కలు అని రాసిన చోట ఆపాడు. 62 అన్నాడు. దిద్ది, నిన్న ఇచ్చేశాను.